ఫారిన్ పోయేటప్పుడు కిండిల్‌కి నెట్ ఎట్లా? తిరుపతి నుంచి బయల్దేరే వాళ్ళకి పూర్తి గైడ్

మన తిరుపతి, చిత్తూరు వైపు ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఇద్దరు ముగ్గురు ఫారిన్‌లో ఉండేవాళ్ళే. పిల్లల దగ్గరికి అమెరికాకి ఆర్నెల్లకి పోయే అమ్మానాన్నలు, కువైట్‌లో పనిచేసేవాళ్ళు, సెలవులకి సింగపూర్ మలేషియా ట్రిప్పు వేసేవాళ్ళు. వీళ్ళలో చదివే పిచ్చి ఉన్నోళ్ళు బ్యాగులో ఒక కిండిల్ (పుస్తకాలు చదువుకోవడానికే అమెజాన్ అమ్మే రీడర్) పడేసుకుంటారు, ఎందుకంటే 23 కిలోల లగేజీలో పుస్తకాలు పెడితే ఆవకాయ జాడీకి చోటుండదు కదా. అందాకా బాగానే ఉంది. దిగినాక దీనికి నెట్ ఎట్లా, లోపల సిమ్ ఉందంటున్నారు అది పనిచేస్తుందా, బిల్లు ఏమైనా పడుతుందా అని అడుగుతా ఉంటారు.

నా మాట ముందే చెప్పేస్తా. కిండిల్ లోపల ఉన్న సిమ్‌ని నమ్ముకోని ఫ్లైట్ ఎక్కొద్దు. పుస్తకాల పని ముక్కాలు భాగం ఇంట్లోనే ముగించుకోండి, మిగతాది మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో, అంటే ఫోన్ నెట్‌ని వైఫైలా పంచడంతో అయిపోతుంది. ఎందుకో, ఎట్లానో కింద వరసగా చెప్తా, తొందరలో ఉన్నోళ్ళు హాట్‌స్పాట్ దగ్గరికి దూకేయండి.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకోండి

కిండిల్స్‌లో రెండు జాతులున్నాయి. ఒకటి వైఫై మాత్రమే ఉండేది, మన దగ్గర ఎక్కువ మంది చేతిలో ఉండేది ఇదే. ఇంకోటి వైఫైతో పాటు లోపలే మొబైల్ నెట్ ఉండేది, దాన్ని 3జీ మోడల్ అనో, కొత్త వాటిల్లో సెల్యులార్ అనో అమ్మినారు. అమెరికా నుంచి అల్లుడో కొడుకో తెచ్చి ఇచ్చిన పాత కిండిల్ అయితే ఈ రెండో రకం అయ్యే ఛాన్స్ ఉంది. కనిపెట్టడం సులువే, వైఫై అందని చోట ఏరోప్లేన్ మోడ్ తీసేసి స్క్రీన్ పైన చూడండి, సిగ్నల్ గీతల పక్కన 3జీ అనో 4జీ అనో ఎడ్జ్ అనో కనిపిస్తే సిమ్ ఉన్నట్టు. ఆ గుర్తు కనపడకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ ఇన్ఫో తెరిచి మోడల్ పేరు, ఎన్నో జనరేషనో చూసుకోని దాని వివరాలు వెతకండి.

కోబో అనే వేరే కంపెనీ రీడర్ ఉన్నోళ్ళు ఈ గైడ్‌లో సిమ్ గురించి చెప్పేదంతా వదిలేయొచ్చు, మీకు వైఫై ఒక్కటే దారి. బూక్స్ లాంటి ఆండ్రాయిడ్ రీడర్ ఉన్నోళ్ళ సంగతి వేరే, అది రీడర్ వేషంలో ఉన్న ట్యాబ్లెట్, వెనకాల యాప్ అప్‌డేట్లు నడుస్తానే ఉంటాయి కాబట్టి డేటా విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

ఆ ఫ్రీ 3జీ కథ ఎందుకు ముగిసింది

2007 నవంబర్‌లో మొదటి కిండిల్ అమెరికాలో వచ్చినప్పుడే లోపల మొబైల్ నెట్ ఉండింది. దానికి అమెజాన్ పెట్టుకున్న పేరు విస్పర్‌నెట్. నెలనెలా బిల్లు లేదు, రీఛార్జ్ లేదు, ఆ ఖర్చు కంపెనీయే భరించేది. కాకపోతే అది స్ప్రింట్ అనే అక్కడి ఫోన్ కంపెనీ నెట్‌వర్క్, అమెరికా దాటితే దండగ. 2009 అక్టోబర్‌లో ఏటీ అండ్ టీ అనే ఇంకో అమెరికా కంపెనీ నెట్‌వర్క్ మీద నడిచే ఇంటర్నేషనల్ మోడల్ వచ్చినాక వందకి పైగా దేశాల్లో రోమింగ్ మీద పనిచేసింది. 2010లో వచ్చిన కీబోర్డ్ కిండిల్‌లో అయితే ఆ ఫ్రీ 3జీ మీద బ్రౌజర్ కూడా తెరుచుకునేది, బ్లాక్ అండ్ వైట్‌లో నత్తనడక నడిచినా పరాయి దేశంలో పైసా ఖర్చు లేకుండా మెయిల్ చూసుకోవచ్చు, జనం దాన్ని తెగ వాడుకున్నారు. తర్వాత దానికి నెలకి 50 ఎంబీ లిమిట్ పెట్టినారు, 2011 చివర్లో వచ్చిన టచ్ మోడల్ నుంచి 3జీ మీద అమెజాన్ స్టోరు, వికీపీడియా తప్ప ఇంకేమీ తెరుచుకోకుండా చేసినారు.

ఆ తర్వాత నెట్‌వర్కులే మూతపడినాయి. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేసింది, అదే ఏడాది ముగిసేలోపు టీ-మొబైల్, వెరైజన్ కూడా ఆపేసినాయి. మలేషియాలో 2021 చివరికి, సింగపూర్‌లో 2024లో, ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబర్‌లో ముగించేసినారు. జర్మనీ 2021లోనే సెలవు చెప్పింది. మన దేశంలోనే చూడండి, జియోకి అసలు 3జీ ఎప్పుడూ లేదు, ఎయిర్‌టెల్ 2020లో తీసేసింది. కాబట్టి పాత 3జీ కిండిల్‌కి ఈ దేశాల్లో దొరికితే మిగిలిన 2జీ, లేకపోతే అదీ లేదు. వైఫై కూడా లేని ఒకటో తరం, రెండో తరం కిండిల్ అయితే ఇప్పుడు కేబుల్ పెట్టి సొంత ఫైళ్ళు ఎక్కించుకోవడమే గతి.

4జీ ఉన్నవి కొన్నే, 2018 పేపర్‌వైట్ సెల్యులార్, 2019 ఒయాసిస్ సెల్యులార్ లాంటివి. అవి ఉన్నోళ్ళు అదృష్టవంతులే గానీ పూర్తిగా కాదు, ఆ నెట్ మీద ఆడియోబుక్స్ దిగవు, బ్రౌజింగ్‌కి పనికిరాదు. పుస్తకం కొని దింపుకోవడానికి, ఎక్కడిదాకా చదివినామో సింక్ చేసుకోవడానికి బాగుంటుంది, అంతే.

ఛార్జీల భయం ఎంత నిజం

కిండిల్‌లో కొన్న పుస్తకం మొబైల్ నెట్ మీద దిగితే మీ ఫోన్ రీఛార్జ్‌కి దానికి సంబంధమే లేదు, లోపలి సిమ్ మీది కాదు. కానీ ఒక గుంట ఉంది. మీరు సొంతంగా పంపుకునే పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్ళు మొబైల్ నెట్ మీద దిగితే అమెజాన్ ఎంబీకి ఇంత అని వసూలు చేసేది, అమెరికాలో 15 సెంట్లు, బయట దేశాల్లో 99 సెంట్లు. స్కాన్ చేసిన తెలుగు పుస్తకం 40 ఎంబీ ఉంటే లెక్క మీరే వేసుకోండి. సెల్యులార్ మోడల్ ఉన్నోళ్ళు బయల్దేరే ముందు అమెజాన్ సైట్‌లో మేనేజ్ యువర్ కంటెంట్ అండ్ డివైసెస్, అందులో ప్రిఫరెన్సెస్, అందులో పర్సనల్ డాక్యుమెంట్ సెట్టింగ్స్‌కి పోయి, విస్పర్‌నెట్ డెలివరీ అనేది కనిపిస్తే ఆపేయండి. అప్పుడు మీ ఫైళ్ళు వైఫై దొరికినప్పుడే దిగుతాయి, ఒక్క పైసా పడదు. వైఫై మోడల్ వాళ్ళకి ఈ తలనొప్పే లేదు.

ఇంట్లోనే చేసేయాల్సిన పనులు

ఇది ప్రయాణానికి వారం ముందు కూర్చోని చేసుకోండి, చెన్నై ఎయిర్‌పోర్ట్‌కి కారు పుత్తూరు దాటినాక చేద్దాంలే అనుకోవద్దు.

మొదట సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. చాన్నాళ్ళుగా బీరువాలో పడున్న కిండిల్ అయితే ఇది తప్పనిసరి. 2016 మార్చిలో పాత మోడళ్ళకి ఒక కంపల్సరీ అప్‌డేట్ పెట్టి, 22వ తేదీ లోపు చేయని వాటికి నెట్ కనెక్షన్ ఆగిపోతుందని అమెజాన్ చెప్పింది, అట్లాంటివి ఇప్పుడు చేత్తో ఫైల్ దింపుకోని కేబుల్‌తో ఎక్కించాలి. ఆ పని మన ఇంట్లో మన కంప్యూటర్ మీద చేసుకుంటే మేలు, టెక్సాస్‌లో కొడుకు ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నప్పుడు కాదు.

రెండోది, పుస్తకాలు నిజంగా దిగినాయా అని చూడడం. ఎక్కువ మంది బోల్తా కొట్టేది ఇక్కడే. మా పిన్ని తన కూతురి దగ్గరికి డాలస్ పోతా ఉంటే ఫ్లైట్‌లో చదువుకుంటానని కిండిల్ తీసుకుంది, లైబ్రరీ నిండా అట్టబొమ్మలు కనపడతా ఉంటే అన్నీ ఉన్నాయిలే అనుకుంది. విమానం ఎక్కినాక ఏది నొక్కినా నెట్ లేదంటుంది. దిగినాక నాకు ఫోన్ చేసి ఫస్ట్ మాటే అది, "ఒరే, బొమ్మ కనిపిస్తాంది గానీ పుస్తకం తెరుచుకోలేదురా, దోవంతా సీటు ముందు టీవీ చూస్తా కూర్చున్నా." ఆ బొమ్మలు క్లౌడ్‌లో, అంటే కిండిల్‌లోకి దిగకుండా అమెజాన్ దగ్గరే ఉన్నవాటివి. లైబ్రరీలో ఫిల్టర్ నొక్కి డౌన్‌లోడెడ్ అని పెట్టండి, అందులో కనిపించేవే మీతో వచ్చేవి. అట్ట మూలన చిన్న టిక్ గుర్తు కూడా ఉంటుంది. ఇంకా అనుమానం ఉంటే ఏరోప్లేన్ మోడ్ వేసి, కావాల్సిన ప్రతి పుస్తకాన్నీ ఒకసారి తెరిచి రెండు పేజీలు తిప్పండి.

మూడోది, తెలుగు పుస్తకాలు. మనం చదివే తెలుగు చాలా వరకు పీడీఎఫ్‌లే, అందులో స్కాన్ చేసినవే ఎక్కువ. టీటీడీ వాళ్ళ సైట్‌లో ఆధ్యాత్మిక పుస్తకాలు ఫ్రీగా పీడీఎఫ్‌లో దొరుకుతాయి, ఊర్లో పెద్దవాళ్ళు అవే ఎక్కువ అడుగుతారు. బొమ్మల్లేని ఇంగ్లీష్ నవల ఒకటి రెండు ఎంబీల్లో అయిపోతే స్కాన్ పీడీఎఫ్ పదుల ఎంబీలు, ఒక్కోసారి వంద దాటుతుంది. మన ఫైళ్ళని కిండిల్‌కి పంపే అమెజాన్ సర్వీస్ సెండ్ టు కిండిల్, దాని మెయిల్‌లో 50 ఎంబీ వరకే పోతుంది, వెబ్ పేజీలో అయితే 200 ఎంబీ వరకు తీసుకుంటుంది. అంతకంటే పెద్దవి కేబుల్ పెట్టి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో వేసేయండి, విండోస్‌లో నేరుగా కనిపిస్తుంది, కొత్త మోడళ్ళకి మ్యాక్‌లో మాత్రం వేరే యాప్ కావాలి. రోమింగ్ డేటా మీద వంద ఎంబీ స్కాన్ దింపడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఉండగా అంత బాధ ఎందుకు.

చిన్న సైజు కిండిల్‌లో స్కాన్ పీడీఎఫ్ అక్షరాలు చీమల్లా ఉంటాయి, అడ్డంగా తిప్పి చదవడానికి వీలవుతుందేమో ఇంట్లోనే చూసుకోండి, కళ్ళు పట్టకపోతే ఆ పుస్తకం కిండిల్‌లో మోసుకెళ్ళడం వేస్ట్.

ఒకప్పుడు అమెజాన్ సైట్ నుంచి కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపి కేబుల్‌తో ఎక్కించుకునే ఆప్షన్ ఉండేది, 2025 ఫిబ్రవరి 26 నుంచి తీసేసినారు. అంటే కొన్న పుస్తకానికి వైఫై, 4జీ మోడల్ అయితే దాని నెట్, ఖాయంగా కావాల్సిందే. పాత వీడియోలు చూసి ఆ బటన్ కోసం వెతకొద్దు.

నాలుగోది, పిల్లలు అక్కడి నుంచి ఫైళ్ళు పంపేటట్టయితే వాళ్ళ మెయిల్ ఐడీని అమెజాన్ అకౌంట్‌లోని అప్రూవ్డ్ లిస్టులో ముందే చేర్చేయండి. పంపినాక కూడా నిజంగా మీరేనా అని అకౌంట్ ఉన్న మెయిల్‌కి ఒక వెరిఫికేషన్ రావచ్చు, 48 గంటల్లో నొక్కకపోతే ఆ ఫైల్ రాదు. అకౌంట్ నాన్న పేరు మీద, మెయిల్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు అనే ఇళ్ళు మనకి బోలెడు, అది ఇప్పుడే తేల్చుకోండి.

ఫోన్ హాట్‌స్పాట్, అసలు పని జరిగేది ఇక్కడ

కిండిల్‌కి నెట్ కావాల్సింది రోజుకి రెండు మూడు నిమిషాలే. దానికోసం ప్రత్యేకంగా ఏమీ కొననక్కర్లేదు, ఫోన్‌కి ఎట్లాగూ నెట్ వేసుకుంటారు కదా, అదే పంచండి.

ఫోన్‌కి నెట్ మూడు దారుల్లో వస్తుంది. మన సిమ్ మీద ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్, అక్కడి లోకల్ సిమ్, ట్రావెల్ ఈసిమ్ (కార్డ్ లేకుండా నేరుగా ఫోన్‌లోకి దింపుకునే సిమ్). వారం రోజుల ట్రిప్పుకి రోమింగ్ ప్యాక్ సుఖం, దిగీ దిగగానే పనిచేస్తుంది, నంబర్ మారదు. ప్యాక్ వేసుకోకుండా డేటా రోమింగ్ ఆన్ చేస్తే మాత్రం బిల్లు చూసి గుండె జారుతుంది. ఆర్నెల్లు ఉండేవాళ్ళకి పిల్లల ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైన్ చేర్పించుకోవడమే అన్నిటికంటే చవక. మధ్యరకం రోజులకి ఈసిమ్ బాగుంటుంది. డయలర్‌లో *#06# కొట్టండి, ఈఐడీ అని ఒక పొడుగు నంబర్ కనిపిస్తే మీ ఫోన్ ఈసిమ్ తీసుకుంటుంది, ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నుంచి ఉంది. ఈసిమ్ ఎక్కించుకోవడానికే నెట్ కావాలి కాబట్టి తిరుపతిలో వైఫై మీదే ఎక్కించేయండి, దిగినాక ఆన్ చేసుకోవచ్చు. కొనేముందు హాట్‌స్పాట్ లేదా టెథరింగ్ అలవ్ చేస్తారా అని తప్పకుండా చదవండి, కొన్ని చవక ప్లాన్లలో ఉండదు, మన పనికి అదే ముఖ్యం. మన ఇండియా సిమ్ తీసి పర్సులో పడేయొద్దు, ఫోన్‌లోనే ఉంచి దాని డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి, ఓటీపీలు దానికే వస్తాయి.

ఇప్పుడు కనెక్ట్ చేసే పద్ధతి. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్ తెరిచి బ్యాండ్ అన్నచోట 2.4 గిగాహెర్ట్జ్ పెట్టండి, పాత కిండిల్స్ 5 గిగాహెర్ట్జ్‌ని చూడనే చూడవు, లిస్టులో పేరే రాదు. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అని ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చండి. ఐఫోన్ 12, ఆ తర్వాతవాటిలో అయితే పర్సనల్ హాట్‌స్పాట్ పేజీలో మాక్సిమైజ్ కంపాటిబిలిటీ అని ఒక బటన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే ఇదే పని అయిపోతుంది, కిండిల్ కనెక్ట్ అయ్యేదాకా ఆ పేజీ మూయకుండా అట్లే పెట్టుకోండి. "హాట్‌స్పాట్ కనిపించడం లేదు" అనే కంప్లైంట్లలో చాలావాటికి మందు ఈ ఒక్క సెట్టింగే.

హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ సింపుల్‌గా పెట్టుకోండి. కిండిల్ కీబోర్డ్ మీద ఒక్కో అక్షరం పడడానికి టైమ్ పడుతుంది, క్యాపిటల్ లెటర్లు, డాలర్ గుర్తులు కలిపి పెట్టుకున్న పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొడితే విసుగొచ్చేస్తుంది. చిన్న అక్షరాలు, అంకెలు కలిపి ఎనిమిది పైన ఉంటే చాలు, పుట్టినరోజు మాత్రం వద్దు.

ఆన్ చేసే ముందు ఫోన్‌లో ఫొటోల బ్యాకప్, వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్, యాప్ అప్‌డేట్లు ఆపండి. డేటా అయిపోయిందని కిండిల్‌ని తిడతారు గానీ తినేది ఫోనే, ఫ్యామిలీ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు. కిండిల్‌కి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, ఆడియోబుక్ ఈ రెండే వందల ఎంబీలు లాగగలవు, ఆ రెండూ ఇంట్లోనే ముగించుకోని ఉంటే దిగులు లేదు.

పని ఇట్లా నడుస్తుంది. కిండిల్ స్క్రీన్ పైనుంచి కిందికి లాగి ఏరోప్లేన్ మోడ్ తీయండి, హాట్‌స్పాట్ పేరు నొక్కండి, సింక్ నొక్కండి, కొత్త పుస్తకం దిగినాక మళ్ళీ ఏరోప్లేన్ మోడ్ వేసేయండి. ఇట్లా చేస్తే రెండు బ్యాటరీలూ నిలుస్తాయి. సెల్యులార్ మోడల్ అయితే ఇది మరీ ముఖ్యం, సిగ్నల్ లేనిచోట అది టవర్ కోసం వెతుక్కుంటా ఛార్జింగ్ అంతా తాగేస్తుంది, వారాలు రావాల్సింది రెండు మూడు రోజుల్లో ఖాళీ.

ఇదంతా బయల్దేరే ముందు ఒకసారి ఇంట్లో రిహార్సల్ వేయండి. ఇంటి వైఫై ఆపేసి, ఫోన్ జియోనో ఎయిర్‌టెల్ డేటా మీదనో ఉంచి, హాట్‌స్పాట్‌తో ఒక ఫ్రీ శాంపిల్ దింపండి. ఇక్కడ అయితే అక్కడా అవుతుంది. అమ్మకో నాన్నకో అయితే మీరు చేసి చూపించొద్దు, వాళ్ళ చేతే చేయించండి.

హోటల్, ఎయిర్‌పోర్ట్ వైఫై

సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్ట్‌లోనూ దుబాయ్‌లోనూ ఫ్రీ వైఫై ఉంది, గంటల లేఓవర్ అయితే పుస్తకం దింపుకోవచ్చు. చిక్కు ఏంటంటే ఇట్లాంటి వైఫైలన్నీ ముందు ఒక లాగిన్ పేజీ చూపిస్తాయి. కొత్త కిండిల్‌లో ఆ పేజీ తనంతట తనే తెరుచుకుంటుంది, రాకపోతే బ్రౌజర్ తెరిచి ఏదో ఒక సైట్ కొడితే వస్తుంది. పాత కిండిల్ బ్రౌజర్ ఇప్పటి పేజీలని తెరవలేక తెల్లమొహం వేస్తుంది.

హోటల్లో రూమ్ నంబర్, లాస్ట్ నేమ్ అడుగుతారు. మనవాళ్ళకి ఇక్కడో తమాషా, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు సర్‌నేమ్ గళ్ళో ఉన్నోళ్ళు కొందరు, అది ఖాళీగా పెట్టి పేరంతా ఒకే గళ్ళో ఉన్నోళ్ళు కొందరు. హోటల్ వాళ్ళు బుకింగ్‌లో ఏది ఎక్కించుకున్నారో అదే కొట్టాలి, పనిచేయకపోతే రిసెప్షన్‌లో అడగండి. అప్పటికీ కాకపోతే డివైస్ ఇన్ఫోలో వైఫై మ్యాక్ అడ్రస్ ఉంటుంది, అది రాసిస్తే కొన్ని హోటళ్ళు లాగిన్ పేజీ లేకుండానే లోపలికి వదులుతాయి.

ఇంకో ఉపాయం, శాంసంగ్ లాంటి కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు హోటల్ వైఫైకి కనెక్ట్ అయ్యి ఆ వైఫైనే హాట్‌స్పాట్‌గా పంచగలవు. ఫోన్‌లో లాగిన్ అయిపోతారు, కిండిల్ ఫోన్ వెనకాల దాక్కోని నెట్ తీసుకుంటుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. ఐఫోన్‌లో ఇది కుదరదు.

పబ్లిక్ వైఫై మీద కిండిల్‌లో కొత్తగా కార్డ్ నంబర్లు కొట్టే పని పెట్టుకోవద్దు, అంతే జాగ్రత్త.

అక్కడినుంచి పుస్తకం కొనాలంటే

అమెజాన్ అకౌంట్‌లో కంట్రీ సెట్టింగ్ ఇండియా అనే ఉంచండి. ఆర్నెల్ల ట్రిప్పుకి దాన్ని అమెరికాకి మార్చేస్తే స్టోరు మారిపోతుంది, రేట్లు డాలర్లలో వస్తాయి, కిండిల్ అన్‌లిమిటెడ్ లాంటి నెలవారీ చందా ఉంటే అదీ గందరగోళం. పుస్తకం వల్ల కాకుండా ఈ మార్పు వల్లే ఎక్కువ అగచాట్లు. ఇండియా స్టోరులో కొంటే ఓటీపీ మన నంబర్‌కే వస్తుంది. అందుకే ఇండియా సిమ్ మీద రోమింగ్ యాక్టివేట్ చేసుకోని పోండి, డేటా వేరే, మెసేజ్ వేరే. బయల్దేరినాక అక్కడినుంచి యాక్టివేట్ చేయాలంటే కస్టమర్ కేర్ లైన్‌లో పాటలు వింటా కూర్చోవాలి. ఒకటి రెండు పుస్తకాలు ఎక్కువే కొని పెట్టుకోని ఎక్కడం సుఖం.

చైనాలో మెడిసిన్ చదివే పిల్లలు మన జిల్లాల నుంచి కూడా ఉన్నారు, వాళ్ళకి ఒక ముక్క. అక్కడ కిండిల్ స్టోరు 2023 జూన్ 30న మూసేసినారు, వికీపీడియా కూడా తెరుచుకోదు. కాలేజీ వైఫై మీద ఆశ పెట్టుకోకుండా సెలవులకి ఇంటికొచ్చినప్పుడే సెమిస్టర్‌కి సరిపడా ఎక్కించుకోని పోవాలి. మన సిమ్ రోమింగ్ డేటా మన దేశం మీదుగా తిరిగొస్తుంది కాబట్టి అత్యవసరానికి దాని హాట్‌స్పాట్ పనికొస్తుంది, రేటు మాత్రం చూసుకోండి.

తిరిగొచ్చినాక

రోమింగ్ ప్యాక్ ఆటో రెన్యూ ఉంటే ఆపేయండి, అయిపోయిన ఈసిమ్ ప్లాన్ ఫోన్‌లోంచి తీసేయండి. ఐఫోన్‌లో మాక్సిమైజ్ కంపాటిబిలిటీ ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్ స్పీడ్ తగ్గుతుంది, ఇంట్లో ల్యాప్‌టాప్‌కి వాడేవాళ్ళు దాన్ని ఆఫ్ చేసుకోండి. కిండిల్ వైఫై లిస్టులో హోటళ్ళ పేర్లు ఉండిపోతాయి, ఒక్కొక్కటీ నొక్కి ఫర్‌గెట్ కొట్టండి. అక్కడ మీ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ ఎవరెవరికి చెప్పినారో గుర్తులేకపోతే అది కూడా మార్చేయండి.